ఏ యింటికి ఏ దుమ్ముయంత్రం?

తెలుగువాళ్ళకు ఇల్లు శుభ్రం చేయడమంటే ఒక్క పని కాదు, అయిదు పనులు. తెల్లవారుతూనే వాకిలి చిమ్ముతాం. ప్రొద్దెక్కాక గదులు ఊడుస్తాం. పండుగ దగ్గర పడిందంటే గోడలూ అటకలూ బూజు దులుపుతాం. పరుపులూ దుప్పట్లూ విదిలిస్తాం. చివరికి నేల తడిగుడ్డతో తుడుస్తాం. ఎవరైనా "వాకిలి విదిలించాను" అన్నా, "పరుపు చిమ్మాను" అన్నా మనకు నవ్వు వస్తుంది. ఎందుచేతనంటే ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క తీరు దుమ్మూ, ఒక్కొక్క పనిముట్టూ, ఒక్కొక్క చేతి ఒడుపూ వున్నాయి.

ఇరవై యేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతుకుతున్న నాకు యీ సంగతి తెలియక కాదు. కాని వాక్యూమ్ క్లీనరు కొన్ననాడు మాత్రం తోచలేదు. తోచివుంటే మా యింట కొంత డబ్బు మిగిలేది. అంతకంటె ముఖ్యం, మా అమ్మ రెండు వర్షాకాలాలు పడిన అవస్థలో కొంతైనా తప్పేది. ఆ కథ చెబితే, కొనబోయేవారికి పనికివస్తుందని యీ నాలుగు మాటలు రాస్తున్నాను.

పదిహేనేళ్ళ క్రిందటి మాట. రాజమండ్రిలో అద్దె యింట్లో వుండేవాళ్ళం. పాతకాలపు పెంకుటిల్లు, నాపరాళ్ళ గచ్చు, గదిగదికీ ఎత్తైన గడప, ఎదురుగా ఇసుక లారీలు తిరిగే రోడ్డు. ఒక ఆదివారం ఉదయం టై కట్టుకున్న కుర్రవాడొకడు పెద్ద పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కొననక్కరలేదు మేష్టారూ, చూస్తే చాలు" అన్నాడు.

ఆ మాటకు లొంగనివాడెవడు? లోపలికి రమ్మన్నాం. అతను జేబులోనుంచి తెల్లని చేతిరుమాలు తీసి యంత్రం మూతికి కట్టాడు. మా అమ్మ పడుకునే పరుపుమీద నాలుగుసార్లు అటూ యిటూ లాగాడు. రుమాలు విప్పి చూపించేసరికి నడుమ అరచేయంత నల్లమచ్చ!

"రోజూ దీనిమీదనే పడుకుంటున్నారండీ మామ్మగారు" అన్నాడు దిగులుగా.

మా ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇల్లు అద్దంలా వుంచుతుందని పదిమందిలో పేరున్న మనిషి. ఇంకేముంది? ఆ సాయంత్రానికే నెలవాయిదాల కాగితాలమీద నేను సంతకం పెట్టేశాను.

ఆ రుమాలు చేసిన గారడీ నాకు చాలాకాలానికిగాని అర్థం కాలేదు. ఏ పరుపుమీద పెట్టినా, ఏ కంపెనీ యంత్రంతో లాగినా ఆ మచ్చ పడి తీరుతుంది. అది మన పరుపులో దుమ్ము వుందని ఋజువు చేస్తుందేగాని, ఆ యంత్రం మన యింటికి తగినదని ఋజువు చేయదు. నేను మొదటి సంగతి చూసి రెండోదానికి డబ్బు కట్టాను.

రుమాలు కథ

తమాషా ఏమంటే, ఆ చేతిరుమాలుకు నూరేళ్ళు పైబడిన చరిత్ర వుంది. హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఆంగ్లేయ ఇంజనీరు లండనులో ఒక యంత్రం ప్రదర్శన చూడడానికి వెళ్ళాడు. అది దుమ్మును గాలితో ఊదుతోంది. ఊదితే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుంది గదా, పీలిస్తే పోదా అని ఆయనకు తోచింది. హోటల్లో కుర్చీ మెత్తమీద రుమాలు పరిచి, నోటితో గట్టిగా పీల్చి చూశాడు. దగ్గుతో ఉక్కిరిబిక్కిరి అయ్యాడుగాని, రుమాలు అడుగున దుమ్ము అంటుకుని వుంది. 1901లో ఆయన పీల్చే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ యంత్రం బండి అంత వుండేది. గుర్రాలు లాక్కొచ్చేవి. వీధిలో నిలబెట్టి, పొడుగాటి గొట్టాలు కిటికీలలోనుంచి లోపలికి వేసి తివాచీలు శుభ్రం చేసేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని తివాచీలను యీ యంత్రంతోనే శుభ్రం చేశారు.

ఇకపోతే రెండో కథ అమెరికాలోది. ఒహాయో రాష్ట్రంలో కాంటన్ అనే పట్టణం. అక్కడ ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయనకు ఉబ్బసం వుండేది. తివాచీలు ఊడ్చినప్పుడల్లా దుమ్ము లేచి ఆయాసం ముంచుకొచ్చేది. ఉద్యోగం మానితే గడవదు, ఊడిస్తే ఊపిరాడదు. 1907లో ఆయన ఒక పంకా మోటారూ, ఒక చీపురుకర్రా, ఒక దిండుగలీబూ జతచేసి, ఒక్క మనిషి చేతికి అందే యంత్రం తయారుచేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. ఆ హక్కులు కొన్న విలియం హూవర్ పేరు తరువాత ఎంత ప్రసిద్ధి పొందిందంటే, ఇంగ్లండులో యీ పనికే 'హూవర్ చేయడం' అని పేరు స్థిరపడింది.

ఈ రెండు కథల్లోనే మనకు కావలసిన పాఠం వుంది. బూత్ యంత్రం తివాచీల కోసం పుట్టింది. స్పాంగ్లర్ యంత్రం ఊడ్చే మనిషి ఊపిరి కోసం పుట్టింది. నేను కొన్ననాడు మా యింట తివాచీ అన్నది లేదు. ఊడ్చే మనిషినా, నేను అడగనే లేదు.

అటకెక్కిన యంత్రం

పెట్టెలోనుంచి యంత్రం తీయాలి. పాములాంటి గొట్టం బిగించాలి. దానికి రెండు కర్రగొట్టాలు తగిలించాలి. ప్లగ్గు వున్న గోడ వెతుక్కోవాలి. తీగె అందినంతమేర లాగి, గడప వచ్చినప్పుడల్లా ఎత్తి దించాలి. రెండోగదికి వెళ్ళాలంటే ప్లగ్గు మళ్ళీ మార్చాలి. చెవులు చిల్లులుపడే రొద. ఇంత చేసినా, రోడ్డుమీదినుంచి వచ్చిన ఇసుకను కొండచీపురు లాగినంత చులాగ్గా అది లాగేది కాదు.

"ఇంతసేపట్లో నేను రెండిళ్ళు ఊడ్చొస్తానండీ మేష్టారూ" అంది మా పనిమనిషి.

అది వెక్కిరింపు కాదు, లెక్క. ఆమె అన్నమాటే నిజం. మూడు నెలలు తిరక్కుండానే యంత్రం అటకమీదికి చేరింది. 'అటకెక్కడం' అనే నుడికారానికి అర్థం నాకు ఆనాడు పూర్తిగా బోధపడింది. వాయిదాలు మాత్రం యింకా తొమ్మిది మిగిలివున్నాయి.

ఆ తరువాత ఆరేడేళ్ళకు మా అమ్మకు ఆయాసం పట్టుకుంది. వర్షాకాలం వచ్చిందంటే రాత్రి రెండు గంటలకు లేచి, మంచంమీద కూర్చుని, మోకాళ్ళమీద చేతులు ఆన్చుకుని ఊపిరి కోసం పెనుగులాడేది. ఒక సంవత్సరం మందులతో గడిచింది. రెండో సంవత్సరం డాక్టరుగారు చర్మంమీద సూదులతో పరీక్షలు చేసి, పరుపు దుమ్ము పడడం లేదని తేల్చారు.

"నేలమీద కనిపించే దుమ్ము కాదండీ మేష్టారూ, పరుపులో కనిపించనిది" అన్నారాయన.

పరుపులలో, దిండ్లలో, మెత్తని సోఫాలలో కంటికి ఆనని పురుగు ఒకటి వుంటుంది. మిల్లీమీటరులో మూడోవంతు కూడా వుండదు. మన వంటినుంచి రాలే చర్మపు పొట్టే దానికి ఆహారం. అది కుట్టదు, కరవదు. దాని విసర్జనం పొడిపొడి అయి గాలిలో లేచి, పడనివారికి తుమ్ములూ ఉబ్బసమూ తెప్పిస్తుంది. ఇంటిదుమ్ము పడకపోవడానికి యీ పురుగే ముఖ్య కారణమని 1960-70ల మధ్య నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. గాలిలో చెమ్మ ఎక్కువైనకొద్దీ దాని సంతతి పెరుగుతుంది. మా గోదావరి తీరాన చెమ్మకు కరవేముంది?

నేను ఇంటికి వస్తూనే అటక ఎక్కి యంత్రాన్ని క్రిందికి దించాను. అమ్మ మంచం ప్రక్కనే కూర్చుని చూస్తూవుండగా, పరుపంతా పట్టుదలగా గంటసేపు లాగాను. ఆ రాత్రి ఆవిడ పడినంత అవస్థ అంతకుముందెన్నడూ పడలేదు. తెల్లవార్లూ ఆవిడ వీపు రాస్తూ కూర్చున్న నాకు నేను చేసిన తప్పేమిటో తోచలేదు.

మర్నాడు ఉదయం కిటికీలోనుంచి ఎండ ఏటవాలుగా పడుతున్న చోట యంత్రాన్ని నడిపి చూశాను. అప్పుడు కనబడింది. ముందు మూతితో పీల్చిన దుమ్ములో సన్నని భాగమంతా వెనుక రంధ్రాలలోనుంచి పొగలాగా గదిలోకి వచ్చేస్తోంది! లోపలి గుడ్డసంచీ ముతకదుమ్మునే ఆపుతోంది. పరుపులో అణగివున్న విషాన్ని నేను స్వహస్తాలతో గాలిలోకి లేపి మా అమ్మ చేత పీల్పించాను.

రుమాలు కట్టిన కుర్రవాడు మాకు యంత్రం మూతి చూపించాడు. చూడవలసింది దాని వీపు.

పీల్చేదెవరు?

ఆ దెబ్బతో నేను యీ యంత్రాల సంగతి కొంచెం శ్రద్ధగా తెలుసుకున్నాను. ఇందులో వున్న శాస్త్రం చాలా చిన్నది. మోటారు ఒక పంకాను నిమిషానికి వేల చుట్లు తిప్పుతుంది. పంకా లోపలి గాలిని బయటికి తోసేస్తుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. తగ్గినచోటికి బయటి గాలి పరుగెత్తుకొస్తూ దారిలోవున్న దుమ్మును ఈడ్చుకొస్తుంది. కొబ్బరిబొండాంలో గొట్టం వేసి త్రాగేటప్పుడు జరిగేది కూడా యిదే. కాబట్టి అసలు పని చేసేది గాలి. ఎంత చెట్టుకు అంత గాలి అన్నట్టు, ఎంత గాలికి అంత శుభ్రం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పెట్టెమీద 1600 వాట్లు, 2000 వాట్లు అని పెద్ద అక్షరాలతో వుంటుంది. వాట్లు అనేవి యంత్రం తినే కరెంటు లెక్క, చేసే పని లెక్క కాదు. ఎక్కువ తిన్నవాడు ఎక్కువ పని చేస్తాడని ఎక్కడుంది? ఐరోపా కూటమి దేశాలు 2014లో 1600 వాట్లు మించిన యింటి యంత్రాలను అమ్మకూడదని కట్టడి చేశాయి. 2017లో ఆ హద్దును 900 వాట్లకు దించాయి. అయినా ఆ దేశాల యిళ్ళు దుమ్ముకొట్టుకుపోలేదు. తయారీదార్లు మూతినీ, గొట్టాలనూ, పంకానూ మెరుగుపరిచి తక్కువ కరెంటుతోనే పని సాధించారు. అందుచేత వాట్లు కాదు, పీల్చే ఒత్తిడి ఎంత, గాలి ఎంత లాగుతుంది అని అడగాలి. ఒత్తిడిని కిలోపాస్కళ్ళలో చెబుతారు. ఆ రెండు అంకెలూ చెప్పలేని దుకాణదారు మాట నమ్మనక్కరలేదు.

వాట్లతో మనకు మరొక లెక్క వుంది. మన యిళ్ళలో చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అది సుమారు 1300 వాట్లదాకా మోయగలదు. అంతకు మించిన యంత్రానికి లావుపిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. అది సాధారణంగా వంటింట్లోనో, గీజరు దగ్గరో, ఏసీ దగ్గరో తప్ప వుండదు. పడకగదిలో పరుపు వుంచుకుని వంటింట్లో ప్లగ్గు పెట్టుకోలేం గదా! కొనబోయే ముందు ఒక పురికొస తీసుకుని, ప్లగ్గునుంచి గది దూరపు మూలదాకా కొలిచి చూసుకోండి. యంత్రం తీగె అంతకు తక్కువైతే రోజూ కష్టమే. కరెంటు ఖర్చుకు మాత్రం భయపడనక్కరలేదు. 1200 వాట్ల యంత్రం అరగంట నడిస్తే యూనిట్టులో ఆరు పదోవంతులే.

వీపు సంగతి

ఇక దుమ్మును ఆపే జల్లెడ. మంచి యంత్రాలలో 'హెపా' అనే ఫిల్టరు వుంటుంది. ఇది 1940లలో అమెరికా అణుబాంబు ప్రయత్నంలో, గాలిలోని ప్రమాదకరమైన రేణువులను ఆపడానికి జరిగిన కృషిలోనుంచి వచ్చింది. ఒక మీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక మైక్రాను. 0.3 మైక్రాను సైజు రేణువులు పదివేలు వస్తే, అమెరికా ప్రమాణం ప్రకారం హెపా మూడింటినిమించి బయటికి పోనివ్వకూడదు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు వుంటుందంటే, ఆ జల్లెడ ఎంత సన్ననిదో ఊహించుకోవచ్చు.

కాని పెట్టెమీద 'హెపా తరహా' అని వుంటే మోసపోకండి. అది వేరు, యిది వేరు. హెచ్ 13 వంటి గుర్తు స్పష్టంగా వుండాలి. అదిన్నీ చాలదు. ఫిల్టరు ఎంత మంచిదైనా యంత్రం అతుకులలోనుంచి గాలి కారితే లాభం లేదు. జల్లెడ మంచిదే, చేటకు చిల్లి వుంటే? దుకాణంలో యంత్రం నడుస్తూవుండగా అతుకుల దగ్గర చేయి పెట్టి చూడండి. ఫిల్టరు వెనుకనుంచి తప్ప మరెక్కడా గాలి తగలకూడదు.

సంచీ వున్నది కొనాలా, లేనిది కొనాలా అన్నది మరొక సందేహం. సంచీ లేని రకంలో గాలిని సుడిగాలిలా తిప్పుతారు. తిరగలిలో పిండి అంచుకు చేరినట్టు దుమ్ము విసురుకు అంచుకు తగిలి డబ్బాలో పడుతుంది. ఇంగ్లండులో జేమ్స్ డైసన్ అనే ఆయన 5127 నమూనాలు తయారుచేసి యీ పద్ధతిని కుదిర్చాడు. సంచీలు కొనే ఖర్చు లేదు, అది లాభం. కాని డబ్బా వంచినప్పుడు దుమ్ము భగ్గున ముఖానికి లేస్తుంది. ఇంట్లో ఆయాసం మనిషి వుంటే పారేసే కాగితపు సంచీ, లేదా బట్టలాంటి పొరల సంచీయే మేలు. మూతి మూసి అలాగే పారేయవచ్చు. ఖర్చు వుంటుంది. కొనేముందే ఆ సంచీలు మన వూళ్ళో దొరుకుతాయో లేదో విచారించుకోవాలి. సంచీ దొరకని యంత్రం ప్రమిద లేని వత్తివంటిది.

అయిదు మాటలు, అయిదు రకాలు

ఇప్పుడు మొదట చెప్పిన అయిదు మాటల దగ్గరికి వద్దాం. మీ యింట్లో ఏ మాట దగ్గర యిబ్బంది పడుతున్నారో చూసుకోండి. ఆ మాటే మీకు కావలసిన యంత్రం పేరు చెబుతుంది.

చిమ్మడం: వాకిలికీ, పెరటికీ, రాలిన ఆకులకూ పుల్లల చీపురును మించినది లేదు. దీనికి యంత్రం కొనకండి.

ఊడవడం: మీ కష్టమంతా రోజూ గదులు ఊడవడమే అయితే రెండు రకాలు వున్నాయి. ఒకటి, తీగె లేని కర్ర రకం. బ్యాటరీతో నడుస్తుంది, చీపురులా చేత్తో పట్టుకోవచ్చు. నడుము వంచనక్కరలేదు. కాని బ్యాటరీ పూర్తి జోరుమీద పదినిమిషాలకు అటూ యిటూగా దిగిపోతుంది. డబ్బా చిన్నది. కొన్నేళ్ళకు బ్యాటరీ నీరసిస్తుంది. అది విడిగా దొరుకుతుందా, ధర ఎంత అని ముందే అడగండి. రెండోది మరబొమ్మ రకం, అంటే రోబో. 2000 సంవత్సరం దాటాక బజారులోకి వచ్చింది. గుండ్రని పళ్ళెంలాగా నేలమీద తనంతట తానే తిరుగుతుంది. ఫ్లాటులో, నునుపైన టైల్సుమీద, సామాను తక్కువగా వున్నచోట దానికి సాటిలేదు. కాని గడప వుందా, అదే లక్ష్మణరేఖ. చాలా రకాలకు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటడమే గొప్ప. ఆనాటి మా పెంకుటింట్లో అయితే పాపం ఒక్క గదిలోనే యావజ్జీవం గడిపేది. చార్జరు తీగెలూ, పిల్లల బొమ్మలూ, రాలిన పొడుగువెంట్రుకలూ దానికి శత్రువులు.

దులపడం, విదిలించడం: బూజు, కిటికీ చువ్వలు, పుస్తకాల అలమరలు, సోఫా సందులు, పరుపులు. చీపురు చేయలేని పనులు యివే. చేసినా దుమ్మును ఒకచోటినుంచి మరొకచోటికి మార్చడమే. దీనికి తగినది చక్రాలమీద వెంట వచ్చే సిలిండరు రకం. పొడుగాటి గొట్టం, బ్రష్షు మూతి, సందులలో దూరే సన్నమూతి, పరుపుకు వెడల్పు మూతి వుంటాయి. మనబోటి సంసారులకు ఒక్కటే కొనగలిగితే కొనవలసింది యిది. కారు వుండి, యిల్లు చిన్నదై, సోఫా మాత్రమే సమస్య అయితే చేతిలో పట్టే చిన్నరకం సరిపోతుంది. అది మొత్తం యింటికి చాలదు.

తుడవడం: ఇంట్లో నీళ్ళు చేరే బాధ వుంటే, లేదా ఒలికిన పాలూ పులుసూ లాగాలంటే, తడీ పొడీ రెండూ లాగే డ్రమ్ము రకం వుంది. గట్టిది, బరువైనది, మోత ఎక్కువ. తడి లాగేముందు లోపలి సంచీ తీసివేయాలి. పొడి యంత్రంతో మాత్రం ఎన్నడూ నీళ్ళు లాగకండి. మోటారు కాలిపోవడమే కాదు, షాకు కొట్టే ప్రమాదం వుంది. కర్ర రకాలలోనూ రోబోలలోనూ తడిగుడ్డ పెట్టేవి వున్నాయిగాని, అవి సన్ననిదుమ్ముకే. ఎండి అంటుకుపోయిన సాంబారుకు మనిషి చేయి తగలవలసిందే.

ఇవిగాక నిలువు రకం వుంది. స్పాంగ్లర్ వంశంలోనిది. దాని మూతిలో తిరిగే బ్రష్షు తివాచీని కొట్టి దుమ్ము లేపుతుంది. గోడనుంచి గోడదాకా తివాచీ పరిచే చలిదేశాలకు అది తగినది. రాతినేలలూ, టైల్సు నేలలూ వున్న మన యిళ్ళలో దానితో పని లేదు.

ఏ రకమైనా ఒక జాగ్రత్త. ఆరని అగరుబత్తి నుసి, కర్పూరం నిప్పు, సిమెంటు, గాజుముక్కలు యంత్రానికి పెట్టకండి. మొదటి రెండింటివల్ల సంచీ అంటుకుంటుంది. మూడోది ఫిల్టరును మూసేస్తుంది. నాలుగోది సంచీని కోస్తుంది.

చివరి మాట

ఎనిమిదేళ్ళ క్రిందట మేము రెండో యంత్రం కొన్నాం. ఈసారి దుకాణానికి నేనొక్కణ్ణే వెళ్ళలేదు. మా ఆవిడ వచ్చింది. పనిమనిషిని కూడా తీసుకువెళ్ళాం. ఆమె ఒక్కొక్క యంత్రాన్నీ ఎత్తి చూసి, గొట్టం పట్టుకుని వంగి చూసి, "ఇదైతే మెట్లమీద మొయ్యగలనండీ" అని ఒకదాన్ని చూపించింది. చక్రాలు వున్న సిలిండరు, పారేసే సంచీ, హెచ్ 13 ఫిల్టరు, చిన్నప్లగ్గుకు సరిపోయే వాట్లు. మెరుపులు లేవు, రుమాలు లేదు. ధర మొదటిదానికన్న తక్కువ.

ప్రతి ఆదివారం పరుపులు లాగే పని నాది. ఆ గంటసేపు అమ్మ ప్రక్కింటి పిన్నిగారి వరండాలో కూర్చుంటుంది. నేను ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను. డాక్టరుగారి సలహామీద పరుపుకూ దిండ్లకూ పురుగు దూరని తొడుగులు వేశాం. దుప్పట్లు వారానికొకసారి మరుగునీళ్ళకు కొంచెం తక్కువ వేడిలో ఉతుకుతాం. ఆవిడ గదిలో పొడిచీపురు మానేసి తడిగుడ్డ పెడుతున్నాం. మందు మాత్రం మానలేదు. ఏ యంత్రమూ మందుకు మారు కాదు. బ్రతికున్న పురుగు పరుపు దారాలను గట్టిగా పట్టుకునే వుంటుంది. యంత్రం లాగేది పైనున్న పొడినే. ఇవన్నీ కలిసి అమ్మ రాత్రిళ్ళు నిద్రపోతోంది. వర్షాకాలంలో ఒకటి రెండుసార్లు లేస్తుంది. మునుపటి పెనుగులాట లేదు.

గదులు యిప్పటికీ కొండచీపురే ఊడుస్తోంది. ఆ రాజ్యం పనిమనిషిది. కాని మొన్న సంక్రాంతికి బూజు దులపవలసి వచ్చినప్పుడు, ఆమె తనంతట తానే యంత్రం తీసి గొట్టానికి బ్రష్షు తగిలించింది.

"ఏటా బూజు దులిపాక మూడురోజులు దగ్గేదాన్నండీ మేష్టారూ. మీకెప్పుడూ చెప్పలేదు" అంది.

నేనెప్పుడూ అడగలేదు. అమ్మ ఊపిరి గురించి యింత ఆరాటపడినవాణ్ణి, ఇరవై యేళ్ళుగా మా యింటి దుమ్మంతా పీల్చిన మనిషి ఊపిరి సంగతి ఒక్కసారి తలచుకోలేదు. నూరేళ్ళ క్రిందట కాంటన్‌లో దుకాణం ఊడ్చిన ఆయన బాధ పుస్తకంలో చదివి జాలిపడ్డానుగాని, నా గుమ్మంలో వున్నది నాకు కనిపించలేదు.

అందుచేత కొనదలచినవారికి నా సలహా ఒక్కటే. దుకాణానికి వెళ్ళేముందు ఒక వారంరోజులు మీ యిల్లు మీరే ఊడ్చి, దులిపి, విదిలించి, తుడిచి చూడండి. ఎక్కడ దగ్గు వస్తోందో, ఎక్కడ నడుము పట్టేస్తోందో, ఎక్కడ చేయి అందడంలేదో తెలుస్తుంది. అంత తీరిక లేకపోతే రోజూ ఆ పని చేస్తున్నవారిని కూర్చోబెట్టి అడగండి. ఏ యంత్రం కొనాలో వారే చెబుతారు.